నాలుగు టికెట్ల సందు

గురుస్వామి బుల్లెట్టు ఎద్దుల బండి మీద పడుకుని వీధిలోకి వచ్చిందంటేనే చూసినవాళ్ళందరికీ అర్థమైపోయింది, ఇవాళ మహబూబ్ సుభాని ఇంట్లో ఏడుపు తప్పదని. వారం కిందట అదే బుల్లెట్టు ఆ పంచలోంచి పెళ్ళికొడుకులాగా తళతళలాడుతూ బయటికి పోయింది. ఎప్పటిదో మిలిటరీ వేలంలో కొన్న పాత బండి అది. దానికి పెద్ద పిస్టను పట్టేలా, అది ఆడే గొట్టాన్ని లోపల కోయించి బోరు కొట్టించి, ఇంజను పైమూత హెడ్డు అరగదీయించి, ముందుకంటే రెట్టింపు ఊపుతో పోయేటట్టు సుభాని ఇంట్లోనే కూర్చుని కట్టాడు. పంచలో ఒక మూల ఇంజను, ఇంకో మూల పొయ్యి. అతని భార్య బషీరున్నీసా పప్పులో తాలింపు పెడుతుంటే ఆ పక్కనే కిరసనాయిలు గిన్నెలో వాల్వులు నానుతూ ఉండేవి. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ, ఎనభై మూడులో ఉదయగిరిలో పనివాడు ఎక్కడ చతికిలబడితే అదే షాపు.

గురుస్వామి బండి వెనకాలే నడిచి వచ్చాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది, ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది, జుట్టులో చిల్లకంప ముళ్ళు ఇంకా ఉన్నాయి. అతను సారా కాంట్రాక్టరు మనిషి. కొండకింది పల్లెల్లో ఎవరైనా చాటుగా సారా కాచుకుంటే కాంట్రాక్టరు దుకాణాల్లో గిరాకీ పడిపోతుంది కదా, అట్లాంటి వాళ్ళని వెతికి పట్టుకుని ఎముకలు విరగ్గొట్టడం అతని ఉద్యోగం. ఆ ఉద్యోగానికే అంత ఊపున్న బండి కావలసి వచ్చింది.

"ఏరా సాయిబూ! ఏం కట్టినావురా ఇది? ఆత్మకూరు రోడ్డులో బస్సును దాటతా ఉంటే ఉన్నపళంగా బిగుసుకొని పోయిందిరా! ఎనక చక్రం తిరగలా. ఎత్తి కంపలో ఏసింది నన్ను."

సుభాని నేలమీద పని చేసుకుంటున్నవాడు లేచి నిలబడ్డాడు. "స్వామన్నా, కొత్త పిస్టను గదా, మొదట్లో మెల్లిగా తోలమని చెప్పినా గదన్నా..."

"మెల్లిగా పొయ్యేదానికి గాడిద దొరక్క నీకాడికి వచ్చినానా నేను?"

గురుస్వామి వెంట వచ్చిన ఇద్దరూ నవ్వారు. సుభాని నవ్వలేదు. గురుస్వామి చేతివైపే చూస్తున్నాడు. ఆ చెయ్యి పంచలో పరిచిన గోతాం మీద పెద్ద స్పానర్ని వెతుక్కుంటోంది. అప్పుడు సుభాని అన్న మాట ఇదీ:

"నా పనిలో తప్పు లేదన్నా. కట్టేముందర బోరు కడిగింది మా ఆడది. లోపల ఇసక వదిలేసినట్టుండాది."

బషీరున్నీసా చేటలో బియ్యం ఏరుతోంది. ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. బోరు కడిగింది ఆమే, నిజమే. ఇంజను ఏదైనా కడిగే పని ఆమెదే. కిరసనాయిలుతో కడిగి, సబ్బునీళ్ళతో కడిగి, చివరికి తెల్లగుడ్డ లోపల తిప్పితే ఆ గుడ్డ తెల్లగానే బయటికి రావాలి. వచ్చింది. ఆ గుడ్డ ఆమె కళ్ళముందు ఇప్పుడు కూడా తెల్లగానే ఉంది.

"ఓహో, బూబమ్మ చేసిందా?" అన్నాడు గురుస్వామి సరదాగా. "అట్లయితే బుద్ధి చెప్పుకో. నా ముందరే చెప్పుకో. చూస్తా."

పంచలో కొయ్యకి సైకిలు ట్యూబు కోసిన పట్టీ వేలాడుతూ ఉంటుంది, ఇంజన్లు ఎత్తేటప్పుడు కట్టడానికి. సుభాని దాన్ని తీశాడు. మొదటి దెబ్బకి బియ్యం చేట ఎగిరిపడింది. రెండోది వీపు మీద పడింది. తర్వాత ఎన్ని పడ్డాయో ఆమెకి తెలియదు. పెళ్ళయినప్పటినుంచీ మొగుడి చేతి దెబ్బ ఆమెకి కొత్త కాదు. కోపమొస్తే కొట్టేవాడు, కోపం పోతే మానేవాడు. ఇప్పుడు మాత్రం ఆయనకి కోపం లేదు. భయంతో కొడుతున్నాడు. భయంతో కొట్టేవాడికి ఎక్కడ ఆపాలో తెలియదని ఆమెకి ఆ రోజే తెలిసింది. ఆమె అరవలేదు. అటుపక్క ఇంటి తలుపు చాటునుంచి ఎవరో "యా అల్లా, ఇడిచిపెట్టండ్రా" అని అరిచారు.

గురుస్వామి చాలన్నట్టు చెయ్యెత్తాడు.

"కడిగింది అది. సరే. కట్టింది నువ్వు గదరా?"

ఆ ఇద్దరూ సుభానిని వంచి కుడిచెయ్యిని బట్టలుతికే రాయి మీద పరిచి పట్టుకున్నారు. గురుస్వామి స్పానర్ ఎత్తాడు. ఎండు కందికట్టె విరిగిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత సుభాని అరుపు.

"శుక్రవారం సాయంత్రం కొండకింద పనుండాది నాకు," అన్నాడు గురుస్వామి స్పానర్ని గోతాం మీద ఎక్కడిదక్కడ జాగ్రత్తగా పెట్టి. "ఆలోపల బండి తిరగాల. తిరగలేదంటే ఎడమ చెయ్యి గూడా ఉండాది నీకు."

*

ఎముకలు కట్టే పిచ్చయ్య వచ్చి కోడిగుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. మూడు వేళ్ళు విరిగాయనీ, మధ్యవేలు ఇక వంగదనీ చెప్పాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర నిలబడి, "నీ వీపుకు గూడా ఏదైనా రాయమంటావా అమ్మీ?" అని అడిగాడు. ఆమె వద్దంది.

బండి పంచలో పడి ఉంది. సుభాని గోడకి ఆనుకుని జ్వరంలో పలవరిస్తున్నట్టే చెబుతుంటే బషీరున్నీసా విప్పింది. ఇన్నాళ్ళూ ఆయన చెయ్యి చాపితే అందులో ఏ స్పానర్ పెట్టాలో చూసుకున్న మనిషే కదా. ఏది ఎటు తిప్పితే ఊడుతుందో ఆమెకి తెలుసు. తిప్పే బలమే చాలలేదు. స్పానరుకి రోకలి కట్టి, దాని మీద కాలు వేసి తొక్కింది. హెడ్డు ఊడింది. లోపల పిస్టను బోరుకి అతుక్కుపోయి రాయిలాగా ఉంది. నూనె పోసి నానబెట్టి, చెక్కముక్క ఆనించి సుత్తితో కొట్టింది. ఒక్కో దెబ్బకీ వీపు మీద చర్మం చిట్లుతున్నట్టుంది. గట్టిగా కొడితే, "పిస్టను పగిలిపోతాది, నీయమ్మ, మెల్లిగా!" అని సుభాని పక్కనున్న గ్లాసు విసిరాడు. అది గోడకి తగిలింది. ఆమె ఇంకోవైపు నుంచి కొట్టింది.

పిస్టను బయటికొచ్చాక దాన్ని వెలుతురులోకి తీసుకుపోయి తిప్పి తిప్పి చూసింది. ఏం చూడాలో ఆమెకి తెలియదు. ఇసక ఎట్లా ఉంటుందో మాత్రం తెలుసు. దానికోసమే చూసింది.

సుభాని గోడ దగ్గరనుంచే దాన్ని ఒక్కసారి చూసి కళ్ళు మూసుకున్నాడు. "ఆత్మకూరు పోవాల," అన్నాడు. "గోవిందయ్య లేతు మిషన్లో బోరు ఇంకో సైజు కొట్టాల. పోయినసారి మాదిరే అని చెప్పు. టికెట్టు దూరితే చాలని చెప్పు."

పిస్టనుకీ బోరుకీ మధ్య కొద్దిగా సందు ఉండాలి. వేడికి పిస్టను ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి చోటు కావాలి. ఆ సందు కొలవడానికి ఇనప రేకుల కట్ట ఒకటి నెల్లూరులో దొరుకుతుందని సుభానికి తెలుసు, ఎన్నడూ కొనలేదు. వాళ్ళ నాయన కాలంనుంచీ వాళ్ళ కొలత బస్సు టికెట్టే. పిస్టన్ని బోరులో పెట్టి, పక్కన టికెట్టు దూరిస్తే బిగువుగా లోపలికి పోయి బిగువుగా బయటికి రావాలి. వస్తే సందు సరిపోయినట్టు.

*

బోరునీ, బిగుసుకున్న పాత పిస్టన్నీ, సుభాని ఇంట్లో దాచి ఉంచిన ఇంకో సైజు కొత్త పిస్టన్నీ సంచీలో కట్టుకుని ఆమె పొద్దున బస్సెక్కింది. సీటుకి వీపు ఆనకుండా ముందుకి వంగి కూర్చుంది. పక్కన లిదియమ్మ వచ్చి కూర్చుంది. కొండకింది పల్లె మనిషి; ఉదయగిరి వీధుల్లో కట్టెలు అమ్ముతుంది కాబట్టి ముఖపరిచయం. ఒళ్ళో అన్నం క్యారేజీ ఉంది.

"ఎక్కడికి లిదియమ్మా?"

"ఆత్మకూరు ఆసుపత్రికి. మా ఆయన ఆడ పడుండాడు గదా బూబమ్మా. గురుస్వామి బండి ఎక్కించినాడు కాలిమీద. పడిపోయినోడి మీద ఎక్కించి, మళ్ళీ ఎనక్కి తిప్పి ఎక్కించినాడు."

బషీరున్నీసా సంచీని కాళ్ళ సందులోకి జరుపుకుంది.

"పరిగెత్తలేకపోయినాడా?"

"ఎట్టా పరిగెత్తేది? పోయినేడు ఆ బండి వస్తా ఉంటే ఊరవతల ఉండంగానే ఇనపడేది. కుండలు దాచేసి కొండెక్కేవాళ్ళు మగోళ్ళు. ఇప్పుడు మీ సాయిబు ఏం మందు పెట్టినాడో ఏమో తల్లీ, పిల్లి వచ్చినట్టు వస్తా ఉండాది. ఇంటి ముందర నిలబడేదాకా తెలీలా." ఆమె నిష్ఠూరంగా అనలేదు. పనితనాన్ని మెచ్చుకున్నట్టే అంది. "మంచి చెయ్యి మీ ఆయనది."

"ఆ చెయ్యి విరగ్గొట్టినాడు," అంది బషీరున్నీసా.

లిదియమ్మ ఆమె వైపు తిరిగి చూసింది. మెడ మీద, పైట అంచు దగ్గర వాతలు కనిపించాయి. క్యారేజీ పై గిన్నె తీసి రెండు సద్దరొట్టె ముక్కలు ఆమె చేతిలో పెట్టింది. దారిలో ఇద్దరూ నములుకుంటూ కూర్చున్నారు. కండక్టరు వచ్చి టికెట్లు కొట్టాడు.

*

గోవిందయ్య లేతు షెడ్డు ఆత్మకూరు బస్టాండు వెనకాల. ఇనప రజను కాలికింద కరకరలాడుతుంది. ముసలాయన, కళ్ళద్దాలకి దారం కట్టుకుని ఉంటాడు. బోరుని చేతిలోకి తీసుకుని తలుపు దగ్గర వెలుతురులో పెట్టి లోపలికి చూశాడు.

"ఎవురమ్మా దీన్ని ఇట్టా చంపింది?"

"ఇసక పడిందంట మామా," అంది ఆమె. "నేను సరిగ్గా కడగలేదంట."

"ఇసకా?" ఆయన వేలు లోపల పెట్టి తడిమాడు. పాత పిస్టన్ని తీసి దాని పక్కన పెట్టాడు. "ఇట్రా, చూడు. ఇసక పడితే పైనించి కిందికి గీతలు పడతాయి, పిల్లి గీరినట్టు. ఇందులో ఒక్క గీత ఉండాదా? ఇది చూడు, నాలుగు పక్కలా కరిగి మెత్తినట్టుండాదే, ఇది సందు చాలక బిగుసుకున్న మచ్చ. మీ ఆయన దేంతో కొలిచినాడు?"

"టికెట్టుతో."

"అదీ సంగతి!" ఆయన ఆమె చేతిలోని టికెట్టు తీసుకుని రెండు వేళ్ళతో నలిపి చూశాడు. "ఈ బస్సోళ్ళు ఈమధ్యన కాగితం మార్చినారు. ఉల్లిపొర మాదిరి ఉండాది. పాత టికెట్టు ఒకటి ఎంతో, ఇయ్యి రెండంత. అది తెలుసుకోకుండా ఒక్కటే పెట్టి కట్టినాడు. తోలినోడు గూడా పొగరుబోతే అనుకో."

బషీరున్నీసా అక్కడే ఉన్న నూనె డబ్బా మీద కూర్చుండిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు అప్పుడు వచ్చాయి. దెబ్బలు తింటున్నప్పుడు రానివి, సుత్తితో కొడుతున్నప్పుడు రానివి, ఆ తెల్లగుడ్డ తలుచుకుంటే వచ్చాయి. గోవిందయ్య ఆమెవైపు చూడకుండా బోరుని మిషన్లో బిగించాడు.

"రెండు టికెట్లు పెడతా. పిల్లిలాగా పోతాది బండి. ఇంక తగులుకోదు, బిగుసుకోదు."

ఆమె ముఖం తుడుచుకుంది. "రెండుకంటే ఎక్కువ పెడితే ఏమవుతాది మామా?"

"ఏమవుతాది? పిస్టను లోపల అటూ ఇటూ కొట్టుకుంటాది. టకటకామని ఒకటే మోత. నూనె తాగుతాది, పొగ కక్కుతాది."

"బిగుసుకుంటాదా?"

"జన్మలో బిగుసుకోదు. తోలినోడు ఎట్టా తోలినా పోతా ఉంటాది. గానీ ఊరంతా ఇనపడతాది."

"నాలుగు పెట్టు మామా."

ఆయన మిషను బెల్టు మీద చెయ్యి వేసినవాడు ఆగాడు. "ఎవురి బండి ఇది?"

"గురుస్వామిది."

"మీ ఆయన పెట్టమన్నాడా నాలుగు?"

"పెట్టమన్నాడు," అంది ఆమె. అబద్ధం చెబుతున్నప్పుడు ఆమె తల వంచుకోలేదు. గోవిందయ్య ఆమె మెడ మీది వాతల వైపు ఒకసారి చూశాడు. తర్వాత తలుపు బయటికి, బస్టాండు వైపు చూశాడు. కళ్ళద్దాలు ఎగదోసుకుని బెల్టు వేశాడు. మిషను తిరిగింది. బోరు లోపలినుంచి నల్లటి రజను సన్నగా రాలింది. ఎంత రాలుతుందో ఆమె చూస్తూ కూర్చుంది.

*

మర్నాడు పొద్దున ఇంజను కట్టడం మొదలుపెట్టారు. సుభానికి జ్వరం తగ్గింది, నోరు తిరిగొచ్చింది. పిస్టను చుట్టూ ఉండే రింగులు సాగదీసి ఎక్కించేటప్పుడు ఒకటి పుటుక్కున విరిగితే ఎడంకాలితో ఆమె భుజం మీద తన్నాడు. ఆమె లేచి కూర్చుని ఇంకో రింగు తీసుకుంది. డాల్డా డబ్బా రేకు కత్తిరించి, రింగుల చుట్టూ బిగించి, తీగతో కట్టింది. పైనుంచి బోరుని మెల్లిగా దించింది. పిస్టను లోపలికి జారింది.

జారడం చూసి సుభాని ముందుకి వంగాడు. బిగువుగా, నిమ్మళంగా దిగవలసింది. బావిలో చేద పడ్డట్టు దిగింది. ఎడమ బొటనవేలు పిస్టను మీద పెట్టి ఊపాడు. టక్. ఇటు ఊపాడు. టక్.

"ఏందే ఇది? ఎంత పెట్టినాడు వాడు?"

"నాలుగు."

"నాలుగా? ఎవురు చెప్పినారు?"

"నేనే చెప్పినా."

ఎడమ చెయ్యి ఆమె చెంప మీద పడింది. రెండోసారి లేచింది. ఆ చేతిని ఆమె మణికట్టు దగ్గర పట్టుకుంది. ఇద్దరికీ ఆశ్చర్యం వేసింది. నూనె చేతులు, జారుతున్నాయి. అయినా ఆమె వదల్లేదు. రోకలితో స్పానరు తిప్పిన చేతులవి.

"ఇసక కాదంట," అంది. "గోవిందయ్య మామ చూసి చెప్పినాడు. ఒక్క గీత గూడా లేదంట. సందు చాలలేదంట."

కొత్త సంగతి విన్నవాడి ముఖం కాదు సుభానిది. ఆమె ఆ ముఖం వైపే చూసింది. పిస్టను ఊడదీసిన రోజున, జ్వరంలో కూడా, తను దాన్ని తిప్పి చూస్తున్న మొదటి క్షణంలోనే ఇసక కాదని ఆయనకి తెలిసిపోయి ఉంటుంది. పనివాడు కదా. తెలిసీ మూడు పూటలా ఆమె పెట్టిన అన్నం తిన్నాడు.

ఆమె చెయ్యి వదిలేసింది. "ఈ చెయ్యి గూడా నా మీదే పాడుచేసుకుంటే అన్నం ఎట్టా తింటారు మీరు?" అంది.

పొయ్యి మీద ఎసరు పొంగి నిప్పుల మీద పడింది. ఎవరూ లేవలేదు.

"చంపుతాడు," అన్నాడు సుభాని చివరికి.

"ఇప్పుడేం బతకనిస్తా ఉండాడు?"

ఆయన బోరు వైపు చూశాడు. గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు. విప్పమంటాడని ఆమె ఎదురుచూసింది.

"హెడ్డు ఎక్కించు," అన్నాడు. "నట్లు ఒకేసారి బిగించబాక. ఎదురెదురుగా, కొంచెం కొంచెం."

*

శుక్రవారం మధ్యాహ్నం గురుస్వామి వచ్చాడు. కిక్కు కొట్టాడు. బండి లేచింది, దాంతో పాటు వీధిలో కాకులన్నీ లేచాయి. పెళ్ళిలో డప్పు పగిలితే ఎట్లా మోగుతుందో అట్లా మోగింది. వెనకనుంచి నీలం పొగ.

"ఏందిరా ఈ మోత?"

సుభాని స్పానర్లున్న గోతాన్ని కాలితో వెనక్కి జరిపాడు. గుమ్మంలోంచి బషీరున్నీసా అంది: "పెద్ద పిస్టను గదన్నా. పెద్దదానికి పెద్ద గొంతు. ఈసారి ఎంత తోలినా ఆగదు, చూసుకో."

గురుస్వామి యాక్సిలేటరు తిప్పాడు. మోత పెరిగింది. ఇంకా తిప్పాడు. ముఖంలో మెల్లిగా నవ్వొచ్చింది. వెంట ఉన్నవాళ్ళవైపు తిరిగి, "పులి మాదిరి లేదా?" అన్నాడు. రోడ్డెక్కి దుర్గం కొండ మొదటిదాకా ఒక్క ఊపున పోయి ఒక్క ఊపున వచ్చాడు. బండి ఆగలేదు. పోయి వచ్చినంతసేపూ అది ఎక్కడుందో వీధిలో అందరికీ వినపడుతూనే ఉంది.

సాయంత్రం కొండకిందికి పోయాడు.

శనివారం పొద్దున తిరిగొచ్చాడు. ఈసారి బండి దిగేటప్పుడే చేతిలో కర్ర ఉంది.

"ఒక్క నాకొడుకు లేడురా పల్లెలో! పొయ్యిల్లో నీళ్ళు పోసి పోయినారు. ముసలిదొకటి గడపలో కూర్చోని, 'రా నాయనా, నువ్వొస్తా ఉండావని ఇందాకట్నుంచి ఇంటానే ఉండా, మజ్జిగ తాగుతావా' అంటాది! కాంట్రాక్టరు ముందర నవ్వులపాలైనా. ఎవురురా దీన్ని ఇట్టా చేసింది? చెప్పరా! ఎవురు?"

సుభాని పంచలో కూర్చుని ఉన్నాడు. బషీరున్నీసా గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన తలెత్తి ఆమెవైపు చూశాడు. చూడగానే ఆమె చెయ్యి తనంతట తానే పైటని వీపు మీదికి లాక్కుంది. అక్కడ పుళ్ళు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆయన నోరు తెరవడం చూసి ఆమె పళ్ళు బిగపట్టింది.

"నేనేనన్నా," అన్నాడు సుభాని. "మళ్ళీ తగులుకుంటాదని భయపడి సందు ఎక్కువ పెట్టించినా. కొలత నాదే. పోయినసారి తప్పు గూడా నాదే. ఇసకా గిసకా ఏమీ లేదు."

మొదటి తన్ను ఛాతీ మీద తగిలింది. పక్కకి ఒరిగాడు. కిరసనాయిలు గిన్నె బోర్లాపడింది. కర్ర భుజం మీద, తొడ మీద, మళ్ళీ భుజం మీద పడింది. కట్టు కట్టిన చెయ్యిని కడుపులో దాచుకుని ముడుచుకున్నాడు. పెదవి చీలి నెత్తురు కిరసనాయిల్లో కలిసింది. బషీరున్నీసా గుమ్మం దిగి వచ్చి మధ్యలో నిలబడింది. ఎత్తిన కర్ర ఆమె చెవిని రాసుకుంటూ పోయింది. ఆమె కదల్లేదు.

"ఈయన్ని చంపితే నీ బండి ఎవురు చూస్తారన్నా? ఈ ఉదయగిరిలో ఇంకొక మెకానిక్కు ఉండాడా?"

గురుస్వామి ఆయాసపడుతూ ఆగాడు. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఈసారి జనం చాటునుంచి కాకుండా అరుగుల మీదికి వచ్చి చూస్తున్నారు.

"అయితే ఇప్పుడే సరిచెయ్యి! ఇప్పుడే!"

"అయ్యేపని కాదన్నా," అన్నాడు సుభాని నేలమీదనుంచే. "కోసేసిన ఇనుమును మళ్ళీ అతికిచ్చలేము. మద్రాసు నుంచి స్లీవని ఇనప తొడుగొకటి తెప్పించి లోపల దిగ్గొట్టాల. జాబు రాయాల, వాళ్ళు పంపించాల."

గురుస్వామి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అరుగుల మీది జనాన్ని చూశాడు. "రాయి. ఇయ్యాళే రాయి," అని కర్ర పంచలోకి విసిరేసి కిక్కు కొట్టాడు. కాకులు లేచాయి. డప్పు మోత వీధి పొడుగునా సాగిపోయింది.

బషీరున్నీసా మొగుణ్ణి లేపి గోడకి ఆనించింది. ఇంజన్లు తుడిచే గుడ్డల్లో శుభ్రమైనది ఒకటి ఏరి నీళ్ళలో ముంచి పెదవి తుడిచింది. ఆయన ఒక పన్నుని నాలుకతో కదిపి చూసుకుంటున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"మద్రాసుకి జాబు ఎప్పుడు రాస్తారు?" అంది.

సుభాని వెదురు బద్దలు కట్టిన కుడిచెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఏ చేత్తో రాసేది?" అన్నాడు.

బండి ఇంకా బస్టాండు మలుపు తిరగలేదు. దాని మోత మాత్రం అప్పటికే కొండకిందికి చేరి ఉంటుంది.